గేటు దిగువ నీళ్ళు, గాలం పట్టిన మనుషులు

(సర్వసభ్య సమావేశంలో నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచిక కోసం ఒక్కొక్కరు తమ సర్వీసుకు సంబంధించిన విషయం ఏదైనా మాట్లాడాలని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను చేపల గురించి చెబుతాను. నవ్వకండి. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసినవాడు ఎకరాలు, క్యూసెక్కులు మాట్లాడాలి గాని చేపలేమిటి అనుకోవచ్చు. గేటు ఎత్తినప్పుడు దిగువన ఏం జరుగుతుందో మా పుస్తకాల్లో ఉన్నదానికన్నా, దిగువన గాలం పట్టుకుని నిలబడిన మనుషుల దగ్గర నేను ఎక్కువ తెలుసుకున్నాను. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, అట్లాంటా నగరానికి ఉత్తరాన కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటుంది. మన సభ్యుల పిల్లలు కూడా ఆ చుట్టుపక్కల కొందరు ఉన్నారు. సాయంత్రం వాకింగుకు వెళితే తెలుగు వినపడకుండా ఇంటికి రాలేము. ఆ ఊరికి కొద్ది దూరంలో చట్టహూచీ నదిమీద బ్యూఫోర్డ్ డ్యామ్ ఉంది. వాళ్ళ సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం దాన్ని కట్టి, 1956లో నీరు నిలపడం మొదలుపెట్టింది. డ్యామ్ అనగానే నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అల్లుడు ఒక శనివారం తీసుకువెళ్ళాడు.

ఆగస్టు నెల. ఎండ మన మే నెల ఎండకు ఏమంత తక్కువ లేదు. డ్యామ్ దిగువన నడుము లోతు నీళ్ళలో పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. అందరూ చంకల దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకున్నారు. ఇంత ఎండలో ఇవెందుకా అనుకుని ఒడ్డున నీళ్ళలో చెయ్యి పెట్టాను. ఒక నిమిషం ఉంచలేకపోయాను. వేళ్ళ కణుపులు నొప్పి పుట్టాయి. ఆ నీరు సుమారు పది డిగ్రీలు. గట్టుమీద ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీల వేడి!

కారణం చెబితే మా శాఖవారికి వెంటనే అర్థమవుతుంది, మిగతావారు కాస్త ఓపిక పట్టండి. నీరు నాలుగు డిగ్రీల వద్ద అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. చలికాలంలో చల్లబడిన నీరు లోతైన జలాశయం అడుక్కి చేరుతుంది. ఎండాకాలం వచ్చినప్పుడు పైనున్న నీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. రెండూ కలవవు. పైన ఈత కొట్టడానికి వీలైన వెచ్చని నీరు, అడుగున పోయిన శీతాకాలపు నీరు. విద్యుత్తు కోసం నీరు తీసేది అడుగునుంచి. కాబట్టి డ్యామ్ దిగువ నదికి ఏడాది పొడుగునా శీతాకాలమే.

ఆ చల్లని నీళ్ళలో వాళ్ళు పట్టేది ట్రౌట్ అనే చేప. పది నుంచి పదహారు డిగ్రీల నీళ్ళలో హాయిగా ఉంటుంది. ఇరవై దాటితే ఆయాసపడుతుంది, ఇరవై అయిదు దగ్గర బతకడం కష్టం. కొండల్లో, మంచు కరిగిన వాగుల్లో ఉండవలసిన జాతి. అట్లాంటా వంటి వేడి ప్రాంతంలో అది నగరం అంచు దాకా దొరుకుతున్నదంటే పైన ఉన్న డ్యామ్ వల్లే. అర్కాన్సా రాష్ట్రంలోనూ అంతే. అక్కడ లిటిల్ రెడ్ అనే చిన్న నదిమీద డ్యామ్ కట్టిన తర్వాత దాని దిగువన 1992లో ఒక బ్రౌన్ ట్రౌట్ దొరికింది. తూకం పద్దెనిమిది కిలోలు దాటింది, ఆనాటికి ప్రపంచ రికార్డు. మన చెరువులో పద్దెనిమిది కిలోల బొచ్చె పడితే సొసైటీవాళ్ళు ఫొటో తీయించుకోరా!

వాళ్ళు పట్టే పద్ధతి కూడా చెప్పాలి. మనం గాలానికి ఎర్రనో, పిండి ముద్దనో గుచ్చి, బెండు కట్టి, నీళ్ళలో వేసి గట్టున కూర్చుంటాం. చేప వచ్చినప్పుడు వస్తుంది. వాళ్ళు గాలపు ముల్లుకు ఈకలు, దారం, జంతువుల బొచ్చు చుట్టి ఈగలాగా, పురుగులాగా తయారుచేస్తారు. దానికి బరువు ఉండదు. విసిరితే చేతి దగ్గరే పడుతుంది. అందుకని దారాన్నే కాస్త బరువుగా, లావుగా చేశారు. కర్రను వెనక్కీ ముందుకూ ఆడిస్తే ఆ దారం గాలిలో చాపంలా సాగి, చివర ఉన్న ఈగను నీళ్ళమీద మెల్లగా దింపుతుంది. చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. ఒక పెద్దాయన, నా వయసువాడే, నాకు తన డబ్బా తెరిచి చూపించాడు. అందులో ఈగలు బియ్యపు గింజ కన్నా చిన్నవి. ఇంత చిన్నవెందుకని అడిగాను. డ్యామ్ దిగువన నీరు ఎప్పుడూ ఒకే చలిలో ఉండటంవల్ల రకరకాల పురుగులు పెరగవట. దోమజాతి పురుగులు, చిన్న రొయ్యల వంటివి మాత్రం లెక్కలేనన్ని పెరుగుతాయి. చేప దేన్ని తింటుందో దాని బొమ్మే కట్టాలి కదా! అరవై దాటిన కళ్ళతో ఆ ముల్లు రంధ్రంలోకి దారం ఎలా ఎక్కిస్తావని అడిగితే, మెడలో వేలాడుతున్న భూతద్దం చూపించి నవ్వాడు.

ఇది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదో చెబుతాను. అక్కడి నుంచి వచ్చాక ఇద్దరు ముగ్గురు మిత్రులు, మన గణపసముద్రంలో ట్రౌట్ పిల్లలు వదిలితే బాగుంటుందిగదా అని అడిగారు. గణపతిదేవుని పేర ఉన్న ఆ చెరువు గానీ, మానుకోట వైపు బయ్యారం పెద్ద చెరువు గానీ విశాలమైనవే తప్ప లోతైనవి కావు. బయ్యారం చెరువును గణపతిదేవుని చెల్లెలు మైలమ తవ్వించినట్టు ఆ కట్టమీది శాసనం చెబుతున్నది. కాకతీయుల లెక్క వేరు, మూడు వైపులా గుట్టలు చూసి నాలుగో వైపు కట్ట వేశారు. అంత తక్కువ లోతులో గాలి వీస్తే పైనీరు, అడుగునీరు కలిసిపోతాయి. పోనీ, నాగార్జునసాగర్ వంటి లోతైన జలాశయం సంగతేమిటి? అక్కడా కుదరదు. అడుగున నిలిచేది మన శీతాకాలపు నీరు. మన శీతాకాలమే వాళ్ళ వసంతమంత వెచ్చన! ట్రౌట్ కావాలంటే మనకు దగ్గరలో నీలగిరులకు పోవాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లదొరలు అక్కడి అవలాంచి దగ్గర పిల్లల కేంద్రం పెట్టి, కొండ వాగుల్లో వదిలారు. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో కూడా ట్రౌట్ పెంచారు గాని, అది యంత్రాలతో చల్లబరచిన తొట్లలో. ఒక విధంగా ఫ్రిజ్‌లో చేప.

ఇంకో మాట కూడా ఉన్నది. ఆ ట్రౌట్ ఊరికే రాలేదు. డ్యామ్ కట్టకముందు ఆ నదుల్లో వెచ్చని నీటి చేపలు ఉండేవి. అడుగునుంచి చల్లని నీరు వదిలేసరికి అవి గుడ్లు పెట్టలేక తగ్గిపోయాయి. అర్కాన్సాలో నార్‌ఫోర్క్ డ్యామ్ 1944లో పూర్తయింది. దిగువన పోయిన చేపకు బదులుగా ప్రభుత్వం 1950లలో అక్కడే ట్రౌట్ పిల్లల కేంద్రం కట్టింది. కొలరాడో నదిమీద 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ వచ్చిన తర్వాత, లక్షల ఏళ్ళుగా ఆ ఎర్రని బురద నీళ్ళకు అలవాటుపడిన గూనివీపు చేప ఒకటి అంతరించే జాబితాలోకి ఎక్కింది. మనకూ ఇటువంటిది తెలియనిది కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే పులస ఆ ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. అక్కడే వలలు, అక్కడే బేరాలు. ఆనకట్ట వద్దని నేను అనడం లేదు. ఆ ఆనకట్ట వల్లే కదా గోదావరి డెల్టా అన్నం తింటున్నది. నీరు ఆపితే దిగువ నది మారిపోతుందని, ఆ మార్పును కూడా లెక్కలో వేయాలని మాత్రమే అంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ శనివారం మేము బ్యూఫోర్డ్ డ్యామ్ దిగువన ఉండగానే పెద్ద సైరన్ మోగింది. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా తల ఎత్తి చూడలేదు. దారం చుట్టుకున్నారు, గట్టు ఎక్కారు. నాతో మాట్లాడిన పెద్దాయన కూడా డబ్బా మూసి వచ్చేశాడు. చేప దారానికి తగులుకుని ఉన్న ఒకాయన మాత్రం దారం కోసి పారేశాడు. చూస్తుండగానే నది రంగు మారింది. మనుషులు నిలబడ్డ రాళ్ళు మునిగిపోయాయి. మా అల్లుడు చెప్పాడు: నీరు ఎన్ని గంటలకు వదులుతారో ఫోను చేసి తెలుసుకోవచ్చునట. డ్యామ్ నుంచి కింద మొదటి రోడ్డు వంతెన దాకా నీళ్ళలో దిగే ప్రతివాడూ, పడవలో ఉన్నా, నిలబడి ఉన్నా, తేలే జాకెట్టు తొడుక్కోవాలని చట్టమే ఉంది. అన్ని డ్యాముల దిగువనా నాకు కనపడిన బోర్డుమీది మాట ఒకటే: నీరు హఠాత్తుగా పెరుగుతుంది.

నేను గట్టున నిలబడి ఆ బోర్డు చదువుతుంటే నాకు బియాస్ నది గుర్తుకు వచ్చింది.

మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2014 జూన్ 8. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఇంకా వారం కాలేదు. మృగశిర కార్తె రోజులు, మన ఇళ్ళల్లో చేపల కూరలు. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా థలౌట్ దగ్గర నదిలో రాళ్ళమీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు వదిలారు. ఇరవై నలుగురు విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతికారు. ఆ వీడియో టీవీలో చూపించినప్పుడు నేను చూడలేక లేచిపోయాను. రాయిమీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. చుట్టూ నీరు పెరుగుతున్నది.

బియాస్ కూడా ట్రౌట్ నదే. 1909 ప్రాంతంలో కులూ లోయలో ఆ చేపను వదిలారు. లార్జీ దగ్గర తీర్థన్, సైంజ్ అనే రెండు ఉపనదులు బియాస్‌లో కలుస్తాయి. గాలం వేసేవాళ్ళలో ఆ చోటు డ్యామ్‌కు ముందే పేరు పొందింది. అక్కడ చల్లదనం మంచు నుంచి వచ్చింది, డ్యామ్ ఇచ్చింది కాదు. అయితే నీరు పెరిగే వేళ మాత్రం డ్యామ్ చేతిలోకి వెళ్ళింది. నది అలవాటు తెలిసిన స్థానికుడికి కూడా గేటు అలవాటు తెలియదు. హైదరాబాదు పిల్లలకు ఏం తెలుస్తుంది?

ఇక మన దగ్గరికి వద్దాం. మత్తడికీ గేటుకూ ఉన్న తేడా గ్రామస్థులకు చెప్పనక్కరలేదు. చెరువు నిండుతుంటే నాలుగు రోజుల ముందు నుంచే ఊరంతా కట్టమీదికి వచ్చి చూస్తుంది. మత్తడి దుంకితే డప్పులు కొడతారు, ఎదురెక్కే పరకల కోసం, జెల్లల కోసం బుట్టలు, వలలు పట్టుకుని దిగుతారు. అదీ ప్రమాదమే, ఏటా ఎక్కడో ఒకచోట ఒకరిద్దరు పోతూనే ఉన్నారు. కానీ మత్తడి నీరు చెప్పి వస్తుంది. గేటు నీరు చెప్పి రాదు. అందులోనూ ఎత్తిపోతల కాలువ నీరు అసలే చెప్పి రాదు. వాన లేదు, మబ్బు లేదు, ఎక్కడో గోదావరి ఒడ్డున మోటార్లు పెట్టారు, ఇక్కడ జనగామ ఎండలో కాలువ నిండింది. నా చిన్నప్పుడు జనగామ వైపు కరువు తప్ప వరద మాట వినలేదు. దేవాదుల నీళ్ళు వచ్చాక స్టేషన్ ఘన్‌పూర్, అశ్వరావుపల్లి రిజర్వాయర్ల కింద కాలువల్లో చేపలు పట్టడం పిల్లలకు అలవాటైంది. సంతోషమే. నీళ్ళతోపాటు రావలసిన జాగ్రత్త మాత్రం వాటి వెంట రాలేదు.

నా సర్వీసు చివరి ఏళ్ళలో ఒక కాలువ మీద జరిగింది చెబుతాను. ఊరి పేరు, ప్రాజెక్టు పేరు చెప్పను. కాలువ బంద్ చేసిన వారం రోజులకు డ్రాపుల కింద గుంతల్లో నీరు నిలిచి, కొర్రమట్టలు మిగిలిపోతాయి. ఇద్దరు అన్నదమ్ములు సాయంత్రం వాటిని పట్టడానికి దిగారు. పైన అర్జెంటుగా నీరు వదలమని ఫోనులో నోటిమాటగా ఆదేశం వచ్చింది. పెద్దవాడు డ్రాపు పక్కగోడ పట్టుకుని వేలాడాడు. చిన్నవాడు మరునాడు రెండు కిలోమీటర్ల దిగువన రెగ్యులేటరు దగ్గర దొరికాడు. పదహారేళ్ళు. ఆదేశం ఇచ్చినవారికి కాలువలో మనుషులున్నారని తెలియదు. కాలువలో ఉన్నవాళ్ళకు ఆదేశం సంగతి తెలియదు. పంచనామాలో 'ప్రమాదవశాత్తు' అని రాశారు. ఆ పిల్లవాడి తల్లి కాలువ గట్టున కూర్చుని, "నీళ్ళొస్తున్నయని ఒక్క కేక పెట్టరాదా సారూ" అని అడిగింది. ఎవ్వరమూ నోరు విప్పలేకపోయాము.

ఆ ఒక్క కేక పెట్టే మనిషిని నేను అంతకుముందు చూశాను. ఎనభైలలో మానుకోట సబ్ డివిజన్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక చెరువుకు ముసలి నీరటి ఉండేవాడు. వంశపారంపర్యంగా వచ్చిన పని. మొదటిసారి నేను తూము ఎత్తమంటే ఆయన కదలలేదు. "జర ఆగు సారూ, కాల్వ పొంటి పొయ్యొస్త" అన్నాడు. మైలు దూరం నడిచి, బట్టలు ఉతికేవాళ్ళను, గాలం వేసే పిల్లలను, బర్లు కడిగేవాళ్ళను అరిచి పైకి ఎక్కించి వచ్చాడు. నాకు ఆలస్యమవుతున్నదని చిరాకు. "పెద్దయ్యా, ఇక ఎత్తుదామా?" అన్నాను. రెండు చుట్లు తిప్పి మళ్ళీ ఆగాడు. బీడీ ముట్టించాడు. ఎర్ర నీరు మొదటి డ్రాపు దాటేదాకా బీడీ కాల్చి, అప్పుడు మిగతా చుట్లు తిప్పాడు. మొదట వచ్చే రెండు చుట్ల నీరే కింద ఉన్నవాళ్ళకు కబురట. నీరు రంగు మారితే చేప కూడా ఒడ్డు పట్టుకుంటుంది, మనిషి పట్టుకోడా అన్నాడు. బ్యూఫోర్డ్ డ్యామ్ సైరన్ చేసే పని ఆయన బీడీ చేసింది. ఆ తర్వాత నా సెక్షన్లలో అందరు లస్కర్లకూ అదే పద్ధతి పెట్టించాను. నా బదిలీ తర్వాత ఎంతకాలం నడిచిందో చెప్పలేను. నీరటి వ్యవస్థ పోయింది, లస్కరు పోస్టులు ఖాళీ అయినకొద్దీ ఖాళీగానే ఉండిపోయాయి. బటన్ నొక్కితే గేటు లేస్తున్నది, కాలువ పొంటి పోయివచ్చే మనిషి లేడు.

భూపాలపల్లి మిత్రులు మేడిగడ్డ గురించి అడుగుతారని తెలుసు. 2019 జూన్‌లో ప్రారంభమైన ఆ బ్యారేజీకి ఎనభై అయిదు గేట్లు. 2023 అక్టోబరులో పియర్లు కుంగిన తర్వాత నీరు నిలపకుండా గేట్లు ఎత్తివేశారు. ఆ రాజకీయం మన వేదికకు తగదు. నా ఆందోళన వేరు. నిలిపినప్పుడొక నది, ఎత్తినప్పుడొక నది. మహదేవ్‌పూర్ వైపు బెస్తలు, ముదిరాజులు తరతరాలుగా చూసిన గోదావరి ఆ రెండూ కాదు. మరమ్మతులై మళ్ళీ గేట్లు దించే రోజు వచ్చినప్పుడు, మొదట తెలియవలసింది వాళ్ళకు.

కాబట్టి సంఘానికి నా విన్నపం ఇది. మన మూడు జిల్లాల శాఖల్లో నీటిపారుదల, రెవెన్యూ, పంచాయతీరాజ్, మత్స్యశాఖల్లో చేసినవాళ్ళం కలిపి చాలామందిమి ఉన్నాం. ఏ తూము కింద, ఏ డ్రాపు కింద, ఏ రెగ్యులేటరు దగ్గర జనం చేపలకు దిగుతారో ఈనాటి ఉద్యోగులకన్నా మనకే బాగా తెలుసు. ఆ జాగాల జాబితా మండలాలవారీగా తయారుచేసి ముగ్గురు కలెక్టర్లకూ ఇద్దాం. ప్రతి జాగా దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు, దానిమీద గేటు ఎత్తేవారి ఫోను నెంబరు. నీరు వదిలే ముందు గ్రామపంచాయతీ మైకులో ఒక ప్రకటన. మత్స్య సహకార సంఘం అధ్యక్షుడికి ఒక ఫోను. మొదట రెండు చుట్లు, తర్వాత అరగంట ఆగడం. దీనికి బడ్జెట్టు పెద్దగా అక్కరలేదు, ఫైలు హైదరాబాదు పోనక్కరలేదు. చేపలు పట్టవద్దని బోర్డు పెట్టమని మాత్రం నేను అడగను. ఆ బోర్డును ఎవరూ లెక్కచేయరు, చేయనవసరమూ లేదు. నీళ్ళున్నచోట గాలం వేయడం మనిషి హక్కే. నాకు కూడా ఒక గాలపు కర్ర ఉన్నది. అల్లుడు కొనిచ్చిన ఈగల డబ్బా కూడా ఉన్నది. మన పరకలు వాటిని చూసి పక్కకు తప్పుకుంటున్నాయి, అది వేరే సంగతి.

జాబితా ఫారాలు జిరాక్స్ తీయించి బయట బల్లమీద పెట్టాను. తూము పేరు, గ్రామం, మండలం, జనం దిగే చోటు, మీ సంతకం, అంతే. దయచేసి భోజనాలకు ముందే తీసుకోండి. తర్వాతయితే జనగామ బస్సుకు టైమైందని సగం మంది వెళ్ళిపోతారని నాకు తెలుసు. సెలవు.